ఒక చెవి నీకు, ఒక చెవి నాకు

మీ ఫోన్‌లో ఎవరికీ పంపని పాట ఒకటుంటుంది. లేదంటే నేను నమ్మను.

స్టేటస్‌లో పెట్టే పాటలు వేరు. అవి పదిమంది చూడ్డానికి. నేను చెప్పేది రాత్రి లైటు తీసేశాక, రూమ్మేట్‌ నిద్రపోయిందని ఖాయం చేసుకున్నాక వినే పాట. దాన్ని ఎవరికైనా పంపాలంటే వేలు ఆగిపోతుంది. "ఏందే ఇది? ఎవరో అరుస్తున్నరు" అంటే? అన్నది పాటనే అయినా తగిలేది మనకే.

నా లంచ్‌బాక్స్‌లో గుత్తి వంకాయ ఎవరడిగినా పెడతాను. ప్లేలిస్టు మాత్రం చూపించను. మొన్నటిదాకా నా పద్ధతి అదే. ఈ వారం ఆ పద్ధతి ఎట్లా మారిందో చెప్తాను. మారే దారిలో నేను చేసిన ఒక వెధవ పని గురించి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కాలమ్‌ అబద్ధం అవుతుంది.

పాట తొమ్మిది నిమిషాలు, దూరం ఒక్క స్టేషన్‌

మా రూమ్‌ బోరబండలో. సైట్‌ త్రీ దాటి పైకెక్కితే, ఆటోవాడు కూడా "ఇక్కడ దిగుండి మేడమ్‌" అనే ఎత్తు మీద మూడంతస్తుల ఇల్లు. దాని పైన వాటర్‌ ట్యాంకు పక్కన ఒక గది. టులెట్‌ బోర్డు మీద 'పెంట్‌హౌస్‌' అని రాశారు. ఎండాకాలం అందులో ఉండి చూస్తే ఆ మాటకి అసలు అర్థం తెలుస్తుంది.

పొద్దున బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్‌ ఎక్కితే పక్క స్టేషనే హైటెక్‌ సిటీ. సీటు దొరికితే కూర్చునేలోపు దిగాలి. ఆ రోజుల్లో నేను బెంచ్‌ మీద ఉన్నాను. తెలియనివాళ్ళకి చెప్తాను: బెంచ్‌ అంటే ఉద్యోగం ఉంటుంది, పని ఉండదు. రోజూ తయారై వెళ్ళాలి, బ్యాడ్జి గీకాలి, లాప్‌టాప్‌ తెరిచి మెయిల్‌ కోసం చూస్తూ కూర్చోవాలి. ఆ మెయిల్‌ కొత్త ప్రాజెక్టుది కావచ్చు, హెచ్‌ఆర్‌ది కావచ్చు. రెండు నెలలు అట్లాగే గడిచాయి. ఇంట్లో చెప్పలేదు. సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో అమ్మ ఇంకా నా బీటెక్‌ అప్పు కడుతోంది.

ఒక పొద్దున టీమ్‌మేట్‌ ఒకతను నా మొహం చూశాడు. ఏమైందని అడగలేదు. తన ఇయర్‌బడ్స్‌లో ఒకటి తీసి, చొక్కాకి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

ముందు పియానో, బేస్‌ ఏదో గొణుక్కున్నాయి. తర్వాత బేస్‌ ఒక ప్రశ్న లాంటిది అడిగింది. మిగతావాళ్ళంతా రెండు ముక్కల్లో జవాబిచ్చారు. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ రెండు ముక్కలు. మా ఊళ్ళో భజనలో ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు పలికినట్టే ఉంది. ఆ తర్వాత ట్రంపెట్‌ వచ్చింది. తొందర లేదు. ఎక్కడికో వెళ్ళాలన్న ఆత్రం లేదు. రెండు నెలల్లో నా పక్కన తొందర లేకుండా కూర్చున్నది అదొక్కటే.

హైటెక్‌ సిటీ వచ్చేసింది. పాట అవలేదు. ఆ పాట తొమ్మిది నిమిషాలు పైనే ఉంటుంది. దిగి, ప్లాట్‌ఫాం మీద సిమెంటు బెంచీ దొరికితే, ఒక చెవి అతనిది, ఒక చెవి నాది, అయ్యేదాకా కూర్చున్నాం. ఆ రోజు ఆఫీసుకి లేటు. బెంచ్‌ మీదున్నదాన్ని ఎవరడుగుతారు?

అది మైల్స్‌ డేవిస్‌ 'సో వాట్‌'. 'కైండ్‌ ఆఫ్‌ బ్లూ' అనే ఆల్బమ్‌లో మొదటి పాట. 1959లో న్యూయార్క్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోలో, మార్చి 2న కొంత, ఏప్రిల్‌ 22న మిగతాది, రెండే రోజుల్లో రికార్డయింది. పెద్ద రిహార్సల్స్‌ లేవు. డేవిస్‌ స్వరాల మెట్లు మాత్రం ఇచ్చి, మిగతాది అక్కడికక్కడ మీరే చెప్పండి అన్నట్టు వదిలేశాడు.

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. కచేరీలో కల్పనస్వరం అంటే అదే కదా. రాగం హద్దు, తాళం హద్దు. ఆ హద్దుల్లో ఆ క్షణానికి తోచింది పాడటం. ఇంకో తమాషా ఉంది. 'సో వాట్‌' నడిచే మెట్లని పాశ్చాత్య సంగీతంలో డోరియన్‌ అంటారు. అవే స్వరాల్ని మన దగ్గర ఖరహరప్రియ అంటారు. మధ్యలో కాసేపు మొత్తం అర మెట్టు పైకి జరిగి మళ్ళీ దిగుతుంది. అంతే పాట. గమకాలు వేరు, నడక వేరు, మనిషి వేరు. కానీ కూర్చున్న అరుగు ఒకటే అనిపిస్తుంది.

మైల్స్‌ డేవిస్‌కీ పాలకొల్లుకీ మధ్య ఒక్క మనిషి

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. బెంచ్‌ మీద ఖాళీయే కదా. జాజ్‌ మన ఊళ్ళకి ఎంత దూరమో అని వెతుక్కుంటూ పోతే పశ్చిమ గోదావరిలో తేలాను.

1960ల చివర్లో, 70ల మొదట్లో మైల్స్‌ డేవిస్‌ ఆల్బమ్స్‌లో గిటార్‌ వాయించిన ఇంగ్లీషు కుర్రాడు జాన్‌ మెక్‌లాఫ్లిన్‌. తర్వాత ఆయనే జాకిర్‌ హుస్సేన్‌ లాంటివాళ్ళతో కలిసి 'శక్తి' అనే బృందం పెట్టాడు. దశాబ్దాల తర్వాత అదే 'రిమెంబర్‌ శక్తి'గా మళ్ళీ మొదలైతే, అందులో మెక్‌లాఫ్లిన్‌ పక్కన కూర్చుని వాయించింది పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్‌ శ్రీనివాస్‌. అంటే మైల్స్‌ డేవిస్‌ నుంచి పాలకొల్లుకి ఒక్క మనిషి దూరం. బోరబండ నుంచి హైటెక్‌ సిటీకి ఉన్నంత.

శ్రీనివాస్‌ నేర్చుకున్న తీరు విన్నారా? ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్‌ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వేళ్ళ మీదకి దించుకునేవాడు. ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ మీద త్యాగరాజ కీర్తన ఏంటని పెదవి విరిచినవాళ్ళున్నారు. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, అదే మాండలిన్‌తో బెర్లిన్‌ జాజ్‌ ఫెస్టివల్‌లో వాయించాడు. జాజ్‌ వినడానికొచ్చిన జర్మన్లు కర్ణాటక సంగీతం విన్నారు. 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు.

జాజ్‌ అంటే కాఫీ షాపు బ్యాక్‌గ్రౌండ్‌ అనుకునేదాన్ని. అది అమెరికాలో నల్లవాళ్ళు కష్టంలోంచి పుట్టించిన సంగీతమని తెలిశాక అట్లా అనుకోలేకపోయాను. 1963 సెప్టెంబరులో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చి మీద తెల్ల దురహంకారులు బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలలు దాటగానే జాన్‌ కోల్‌ట్రేన్‌ 'అలబామా' రికార్డు చేశాడు. 'కైండ్‌ ఆఫ్‌ బ్లూ'లో శాక్సఫోన్‌ వాయించినవాళ్ళలో ఆయనా ఒకడు. ఈ పాటలో ఒక్క మాట లేదు. వాయిద్యాలు మాత్రమే. ఏం జరిగిందో తెలియకుండా విన్నా, ఎవరో పోయారని తెలుస్తుంది.

"ఎవరు పోయారమ్మా?"

ఆ మాటే మా ఓనర్‌ అంకుల్‌ అడిగారు. కాకపోతే వేరే పాటకి.

అంకుల్‌ది తెనాలి వైపు ఊరు. ముప్పై ఏళ్ళు బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, బోరబండలో స్థలం కొనుక్కుని, అంతస్తు మీద అంతస్తు కట్టుకున్నారు. ఏడాది కింద ఆంటీ పోయారు. అప్పట్నుంచి ఆయన మాటలు మూడే: "మోటరు వేశారా?", "గేటు వేశారా?", "కరెంటు బిల్లొచ్చింది". డాలస్‌లో ఉన్న కూతురు రోజూ ఫోన్‌ చేస్తుంది. "ఊఁ, బాగానే ఉన్నా, పెట్టెయ్‌." మెట్ల మీద నాకు వినపడేది అంతే.

ఒక ఆదివారం ఆయన ఊరెళ్ళారనుకుని గదిలో స్పీకర్‌ పెట్టాను. నా రహస్య పాట. ఎవరికీ పంపనిది. క్యాథ్లీన్‌ ఫెరియర్‌ పాడిన ఒక ఓపెరా పాట.

ఓపెరా నాకు మొదట సినిమాలోనే తగిలింది. మీలో చాలామందికీ అంతే అయ్యుంటుంది. 'షాషాంక్‌ రిడెంప్షన్‌'లో హీరో జైలు మైకులో మోజార్ట్‌ రికార్డు పెడతాడు. గ్రౌండ్‌లో ఖైదీలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. వాళ్ళలో ఎవరికీ ఇటాలియన్‌ రాదు. ఆ సీన్‌ పట్టుకుని వెతుక్కుంటూ ఫెరియర్‌ దాకా వచ్చాను. ఆమె మొదట్లో టెలిఫోన్‌ ఆపరేటర్‌. మన కాల్‌సెంటర్‌ అమ్మాయి లాంటిదే. హెడ్‌సెట్‌ తీసేసి స్టేజీ ఎక్కింది.

పాట సగంలో బయట అలికిడి. చూస్తే అంకుల్‌. ట్యాంకు నిండి పొంగుతుంటే కట్టేద్దామని పైకొచ్చినట్టున్నారు. నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నాయి, ఆయన వాల్వు మీద చెయ్యేసి నిలబడిపోయారు. నేను కంగారుగా ఆపేశాను.

"ఆపావేంటమ్మా? ఆవిణ్ణి పూర్తి చెయ్యనివ్వు."

మళ్ళీ పెట్టాను. అయ్యాక అడిగారు. "ఎవరు పోయారమ్మా?"

పాట ఇంగ్లీషులో ఉంది, ఆ ఉచ్చారణలో నాకే ముక్క అర్థం కాదు. ఆయనకెట్లా తెలిసింది?

కథ చెప్పాను. 1762లో వియన్నాలో ఆడిన గ్లుక్‌ ఓపెరా. ఆర్ఫియస్‌ అని ఒక గాయకుడు. భార్య పాము కాటుతో చనిపోతుంది. అతను యమలోకానికి వెళ్ళి, పాడి, అక్కడివాళ్ళ గుండె కరిగించి భార్యని తెచ్చుకుంటాడు. షరతు ఒక్కటే: బయటికొచ్చేదాకా వెనక్కి తిరిగి ఆమె మొహం చూడకూడదు. ఆమేమో "నా వైపు చూడవేం? నా మీద ప్రేమ పోయిందా?" అని ఏడుస్తుంది. అతను తిరిగి చూస్తాడు. ఆమె మళ్ళీ పోతుంది. అప్పుడు పాడే పాట ఇది.

అంకుల్‌ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చూడకుండా ఎవడుంటాడమ్మా" అన్నారు.

ఇంకాసేపటికి, "మన భారతంలో రురుడి కథ ఇదే. ఆ పిల్ల ప్రమద్వరా పాము కాటుతోనే పోయింది. రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి తెచ్చుకున్నాడు. అడిగితే నేనూ ఇచ్చేవాణ్ణి. అడిగినవాడే లేడు."

ఏడాదిలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

మైకు లేని గొంతు

ఆ సాయంత్రమే తెలిసింది, అంకుల్‌ కుర్రతనంలో పద్యనాటకాలు ఆడేవారట. పగలు పొలం, రాత్రి శ్రీకృష్ణుడు. తిరుపతి వెంకటకవుల పాండవ నాటకాల్లో పద్యాలన్నీ నోటికొచ్చు. హరిశ్చంద్రలో కాటి సీను కూడా కట్టారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ఆ నాటకంలో కాటి సీనుకి జాషువా గారి పద్యాలు కలుపుకుని పాడటం స్టేజీ ఆనవాయితీ అని ఆయనే చెప్పారు.

"ఓపెరా ఓపెరా అంటున్నావు, ఇది మన పద్యనాటకమే కదమ్మా" అన్నారు. నిజమే. కథ అందరికీ ముందే తెలుసు. ఏం జరుగుతుందో అని ఎవరూ రారు, ఎట్లా పాడతాడో అని వస్తారు. అక్కడ ఆరియా ముగియగానే "బ్రావో", ఇక్కడ పద్యం రాగం తీసి ముగించగానే "వన్స్‌మోర్‌". చచ్చిపోయిన పాత్ర కూడా జనం అడిగితే లేచి మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయేవాడట.

ఆర్ఫియస్‌ మగవాడు కదా, ఆడగొంతేంటని ఆయన అడగలేదు. అడిగింది నా రూమ్మేట్‌. అంకుల్‌ నవ్వారు. ఆ నవ్వూ మొదటిసారే చూశాను. "మా బాపట్ల స్థానం నరసింహారావు సత్యభామ వేస్తే ఆడవాళ్ళే అసూయపడేవాళ్ళట. గొంతుకి ఆడా మగా ఏంటి?"

మైకుల సంగతీ వచ్చింది. పాత రోజుల్లో మైకు లేకుండా ఆఖరి వరస దాకా వినపడాలి. ఓపెరాలో ఇప్పటికీ అంతే. అరవై డెబ్బై వాయిద్యాలు మోగుతుంటే ఒక్క మనిషి గొంతు వాటిని దాటి ఎట్లా వినిపిస్తుంది? స్వీడన్‌ శాస్త్రవేత్త యోహాన్‌ సుండ్‌బెర్గ్‌ 1970లలో కొలిచి చెప్పాడు. ఆర్కెస్ట్రా బలం ఎక్కువగా 500 హెర్ట్జ్‌ చుట్టుపక్కల ఉంటుంది. సాధన చేసిన గాయకులు, ముఖ్యంగా మగగొంతులు, గొంతులోని ఖాళీని మలచుకుని 3000 హెర్ట్జ్‌ దగ్గర అదనపు బలం పుట్టిస్తారు. అక్కడ ఆర్కెస్ట్రా పలచగా ఉంటుంది, మన చెవేమో బాగా చురుగ్గా ఉంటుంది. గొంతు ఆ సందులోంచి దూరి వచ్చేస్తుంది. అంకుల్‌కి చెప్తే, "అది మాకు గురువులు చెప్పలేదు, తిట్టి నేర్పించారు" అన్నారు.

ఒళ్ళు గగుర్పొడవడం గురించి కూడా కెనడాలో మాంట్రియల్‌ వాళ్ళు పరిశోధన చేశారు. ఎవరి ఇష్టమైన పాట వాళ్ళకి వినిపించి మెదడుని స్కాన్‌ చేశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పాటలో ఆ పెద్ద చోటు వచ్చినప్పుడే కాదు, రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు కూడా డోపమైన్‌ విడుదలవుతుంది. తెలిసిన పాటే మళ్ళీ మళ్ళీ ఎందుకు వింటామో, తెలిసిన కాటి సీనుకే ఎందుకు తెల్లార్లూ కూర్చునేవాళ్ళో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకో మాట. ఆర్ఫియస్‌ ఏడ్చే ఆ పాట మేజర్‌ స్కేలులో ఉంటుంది. మన లెక్కలో శంకరాభరణం స్వరాలు. ఏడుపు పాటకి మామూలుగా ఎంచుకునే స్కేలు కాదు. హాన్‌స్లిక్‌ అనే 19వ శతాబ్దం విమర్శకుడు, ఇదే బాణీకి "భార్య దొరికింది" అని సంతోషం మాటలు పెట్టినా అతుకుతుంది కదా అని వాదించాడు. నేను తెలివిగా ఈ ముక్క అంకుల్‌కి చెప్పాను.

"మీ ఆంటీ పోయిన రోజు నేను వచ్చినవాళ్ళందరికీ కాఫీలు తాగారా అని అడిగాను. చూసినవాళ్ళకి సంతోషంగానే కనిపించి ఉంటాను" అన్నారాయన.

హాన్‌స్లిక్‌కి ఇంతకంటే మంచి జవాబు నాకు కనపడలేదు.

నా వెధవ పని

ఒక శనివారం రాత్రి అంకుల్‌ హార్మోనియం పైకి తెచ్చారు. పెట్టె మీద ఏడాది దుమ్ము. ఒకటి రెండు మెట్లు పలకట్లేదు. అయినా శ్రుతి పట్టుకుని కాటి సీను పద్యం ఎత్తుకున్నారు. డెబ్బై దాటిన గొంతు. మొదట గీర, తర్వాత పదును. కింద రోడ్డు మీద బండి ఆపి ఎవరో తలెత్తి చూశారు. పద్యం చివర రాగం తీస్తూ తీస్తూ, పై మెట్టు మీద గొంతు ఆగిపోయింది. పూడుకుపోయింది. హార్మోనియం మాత్రం కాసేపు మోగింది. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇంతే వస్తుందమ్మా" అని లేచారు.

నేను రికార్డు చేశాను. దుప్పటి చాటున ఫోన్‌ పెట్టి, అడక్కుండా.

పొద్దున్నే బిల్డింగ్‌ గ్రూపులో పెట్టాను. "మన అంకుల్‌ లెజెండ్‌" అని, మూడు మంట గుర్తులతో. ఆయన గ్రూపులో లేరని తెలుసు. మంచే చేస్తున్నాననుకున్నాను. గ్రూపులోంచి కాలనీకి వెళ్ళింది. ఎవరో ఆ గొంతు ఆగిన చోటు కట్‌ చేసి, నవ్వే మొహాలు పెట్టి ఫార్వర్డ్‌ చేశారు. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు అంకుల్‌తోనే అన్నాడట: "తాతా, నీ వీడియో చూసిన. లాస్ట్‌ల హైలైట్‌ ఉంది."

ఆయన పైకొచ్చారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వున్నావని పాడానమ్మా. ఊరంతా ఉందని పాడలేదు. ఆ గొంతాగిన చోటు మీ ఆంటీది. అది పంచిపెట్టడానికి నీదెట్లా అయింది?"

డిలీట్‌ ఫర్‌ ఎవ్రీవన్‌ కొట్టాను. ఫార్వర్డ్‌ అయినవి వెనక్కి రావు. మీకు తెలుసు. మూడు వారాలు మళ్ళీ మోటరు, గేటు, కరెంటు బిల్లు. హార్మోనియం పెట్టె కిందకి వెళ్ళిపోయింది.

రైల్లో టీమ్‌మేట్‌కి చెప్పుకుని ఏడ్చాను. అతను కాసేపు ఆలోచించి అన్నాడు: "ఆ రోజు నీకు ఒక ఇయర్‌బడ్‌ ఇచ్చా. బోగీ మొత్తానికి స్పీకర్‌ పెట్టలేదు కదా."

అంతే తేడా. షేర్‌ బటన్‌ నొక్కితే పాట పది చోట్లకి పోతుంది, మనం ఎక్కడా ఉండం. ఒక చెవి ఇస్తే పాటతోపాటు మనమూ అక్కడ కూర్చోవాలి. వైరు ఉన్న రోజుల్లో అయితే తల కదిలిస్తే ఊడిపోయేది, అంత దగ్గరగా కూర్చోవాల్సి వచ్చేది.

వన్స్‌మోర్‌

ఆ రాత్రి కిందకెళ్ళి తలుపు కొట్టాను. సారీ అప్పటికే నాలుగుసార్లు చెప్పాను, ఇంకోసారి చెప్పలేదు. "అంకుల్‌, మీది నేను అడక్కుండా తీసుకున్నాను. నాదొకటి ఇస్తాను, వింటారా?" అన్నాను.

ఫెరియర్‌ పాట ఎవరికీ ఎందుకు పంపలేదో చెప్పాను. ఆమెకి క్యాన్సర్‌. 1953 ఫిబ్రవరిలో లండన్‌లో ఇదే ఓపెరా ఆడుతుండగా స్టేజీ మీదే తొడ ఎముక విరిగింది. పక్కన దేన్నో పట్టుకుని నిలబడి నాటకం చివరిదాకా పాడింది. చూసేవాళ్ళకి తెలియనివ్వలేదు. అదే ఆమె ఆఖరి స్టేజీ. అక్టోబరులో, నలభై ఒక్కేళ్ళకి పోయింది. బెంచ్‌ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ, అమ్మకి రోజూ "పని బాగుంది" అని అబద్ధం చెప్తూ, రాత్రిళ్ళు ఆ గొంతు వినేదాన్ని. లోపల విరిగినా బయటికి నిలబడొచ్చని. అది ఎవరికైనా పంపితే నా సంగతి తెలిసిపోతుందని భయం.

అంకుల్‌ అంతా విన్నారు. "ఆవిడకి చెప్పుకోడానికి టైము లేదు, కర్టెన్‌ ముందుంది. నీకేమొచ్చింది? ముందు మీ అమ్మకి ఫోన్‌ చెయ్యి" అన్నారు.

చేశాను. ఆయన వంటింట్లో, వాటర్‌ ఫిల్టర్‌ పక్కన నిలబడి. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. "నెల నుంచి నీ గొంతు వేరేగ ఉంది, నువ్వు చెప్తవని సూస్తున్న బిడ్డా" అంది. మూడు వేల హెర్ట్జ్‌ అక్కర్లేదు, అమ్మలకి.

ఫోన్‌ పెట్టేసరికి అంకుల్‌ హార్మోనియం తుడుస్తున్నారు. "ఇప్పుడు రికార్డు చెయ్యి. గొంతు ఆగినా ఆపకు. మా అమ్మాయికి పంపాలి. ఒక్కదానికే."

ఆగింది. అదే మెట్టు దగ్గర. ఆపలేదు.

డాలస్‌లో అప్పుడు పొద్దున. ఇరవై నిమిషాలు రెండు నీలం టిక్కులు మాత్రమే. తర్వాత వాయిస్‌ నోట్‌ వచ్చింది. అంకుల్‌ స్పీకర్‌లో పెట్టారు. ముందు కారు ఇండికేటర్‌ టిక్‌టిక్‌మని, తర్వాత ముక్కు ఎగబీల్చుకుంటున్న ఆడగొంతు, ఒకటే మాట:

"వన్స్‌మోర్‌ నాన్నా."

నాకు ప్రాజెక్టు వచ్చిందా అని అడుగుతారని తెలుసు. వచ్చింది, ఇంకో నెలకి. కానీ ఆ రోజు అంత గుర్తులేదు. ఇది మాత్రం గుర్తుంది.

ఇది రాసే ముందు అంకుల్‌ని అడిగాను. "పేరు రాయకు, మిగతాది రాసుకో" అన్నారు. టీమ్‌మేట్‌నీ అడిగాను, అమ్మనీ అడిగాను. ఈసారి అందరినీ అడిగాను.

మీకు ఈ వారం పని ఒకటే. ఆ ఎవరికీ పంపని పాట ఉంది కదా, అది లింకుగా పంపకండి. ఒక మనిషిని ఎంచుకోండి. పక్కన కూర్చోండి. ఒక చెవి ఇవ్వండి. జాజ్‌ ఎక్కడ మొదలుపెట్టాలంటే 'సో వాట్‌' చాలు. ఓపెరా అయితే ఫెరియర్‌ ఆర్ఫియస్‌ పాట, నాలుగైదు నిమిషాలే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చెవిలో పెట్టి, తర్వాత వాళ్ళ పాట అడగండి. అర్థం కాకపోతే కంగారు పడకండి. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో వాళ్ళే చెప్తారు.

పాట అయ్యేలోపు మీ స్టేషన్‌ వచ్చేస్తే, దిగి ప్లాట్‌ఫాం మీద కూర్చోండి. బోరబండలో బెంచీలు ఖాళీగానే ఉంటాయి.